వైపర్ మోటార్‌తో తిరగలి: ఇంట్లోనే రాగి మాల్ట్ మిల్లు ఇలా చేశా

మా పెడనలో పిండి మరకి చిన్న డబ్బా రాగులు తీసుకెళ్తే ఒక సమస్య. మన కంటే ముందు ఎవరో కారం ఆడించి ఉంటారు. మా అక్క బాబుకి ఎనిమిదో నెల. మొన్న మాల్ట్ తాగించగానే వాడు ఎర్రబడి ఏడ్చాడు, రుచి చూస్తే ఘాటు. ఇక అమ్మమ్మ పాత తిరగలి దింపింది. కానీ ఆవిడ భుజం నొప్పితో అరకిలో కూడా విసరలేదు. అందుకే ఈ ప్రాజెక్ట్.

విదేశాల్లో ఇంట్లో బీర్ కాచుకునేవాళ్లు బార్లీ మాల్ట్ కోసం రెండు స్టీల్ రోలర్ల మిల్లు చేసుకుంటారు. (మన దగ్గర లైసెన్స్ లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం నేరం, ఆ ఐడియా వద్దు.) ముందు నేనూ రోలర్లే అనుకున్నా. కానీ వాళ్లకి కావాల్సింది గింజ పగలడం, పొట్టు ముక్కలవకుండా మిగలడం. అందుకే గ్యాప్ సుమారు 1 మి.మీ. పెడతారు. రాగి గింజే దాదాపు 1.5 మి.మీ. ఉంటుంది, ఆ గ్యాప్‌లో రెండు ముక్కలై పడుతుంది తప్ప పిండి కాదు. మెత్తటి పిండికి రాయే కరెక్ట్.

మోటార్‌గా పాత కారు వైపర్ మోటార్ వాడా. 12 వోల్టులు, లోపలే వార్మ్ గేర్ ఉంటుంది కాబట్టి స్పీడ్ తక్కువ, బలం ఎక్కువ. చేత్తో విసిరే వేగానికి దగ్గరగానే తిరుగుతుంది. దానికి 12 వోల్ట్ 10 ఆంపియర్ పవర్ సప్లై, ఒక స్పీడ్ కంట్రోలర్, మధ్యలో ఫ్యూజ్.

మొదటిసారి మోటార్ షాఫ్ట్‌ని నేరుగా పై రాయికి బిగించా. రెండు తప్పులు. గింజలు పోసే కన్ను మూసుకుపోయింది (బీటెక్ మెకానికల్ కాదు మరి!). పైగా రాయి కొంచెం ఊగినా ఆ బరువంతా షాఫ్ట్ మీదే పడి ఫ్యూజ్ పోయింది. ఇప్పుడు మోటార్ జానెడు ఎత్తులో చెక్క ఫ్రేమ్ మీద ఉంది. షాఫ్ట్ నుంచి ఒక ఇనుప చెయ్యి వచ్చి, చివర ఉన్న చీలికతో కొయ్య పిడిని తోస్తుంది, అంతే. చీలిక వదులుగా ఉండాలి. గింజలు పక్క నుంచి ఏటవాలు పైపులో కంట్లో పడతాయి.

ముఖ్యమైన విషయం ఇక్కడుంది. పాత తిరగలికి కొత్తగా గంట్లు కొట్టిస్తే రాతి పొడి రాలుతుంది, జల్లెడ దాన్ని పూర్తిగా ఆపలేదు. నేను మూడుసార్లు నూక బియ్యం విసిరి పారేశా. నోట్లో వేసుకుంటే ఇసుక తగలకుండా అయ్యాకే బాబు రాగులు పోశా.

రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకలొచ్చాక గలగలలాడేలా ఎండాలి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, సరిగ్గా ఎండకపోతే పిండి రాళ్లకి అంటుకుంటుంది. వేపితే తక్కువ మంట మీదే. మొలకలో తయారైన ఎంజైమ్ పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది, జావ పల్చగా, తియ్యగా ఉండేది అందుకే. ఎక్కువ వేడికి అది పోతుంది.

కిలోకి రెండు విడతలు విసిరితే దాదాపు 40 నిమిషాలు. పావుగంటకోసారి మోటార్ చల్లారనివ్వాలి. ఇనుప చెయ్యి తిరిగేచోట మెష్ కప్పండి, పాకే పిల్లలున్న ఇంట్లో తప్పనిసరి.

మినుములు పప్పు చేయడానికి నడి మేకుకి రెండు వాషర్లు వేసి పై రాయి లేపా, బాగానే పగిలాయి. అమ్మమ్మ రేటింగ్ మాత్రం 3/5. "మోత ఎక్కువరా అబ్బాయ్" అంటోంది.