ఎర్ర గుడ్డ – నల్ల ఆబోతు



మొన్న రాత్రి మన చదువు కేంద్రంలో టీవీ వార్తలు చూస్తున్నాం. అందులో ఒక బొమ్మ వచ్చింది. జిగేలుమనే బట్టలు వేసుకున్న ఒక మనిషి. చేతిలో ఎర్ర గుడ్డ. ఎదురుగా నల్లటి ఆబోతు. చుట్టూ వేల మంది జనం. నిమిషంలో ఆ బొమ్మ పోయింది. మన మాటలు మాత్రం ఆగలేదు.

"అబ్బ! ఎంత ధైర్యమో!" అన్నది ఒక అక్క.

"ఏం ధైర్యం? నోరులేని జీవాన్ని పొడిచి చంపడం ధైర్యమా?" అన్నది ఇంకో అక్క.

"అది వాళ్ళ ఆచారం. తాతల నాటి నుంచి వస్తున్నది. కాదనడానికి మనం ఎవరం?" అన్నది ఒక పెద్దమ్మ.

ముగ్గురి మాటా విన్నాను. ఆ రాత్రి ఎవరికీ జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని చదివాను. తెలుసుకున్నది ఇప్పుడు మీకు చెప్తాను.

ఎక్కడిది ఈ ఆట?

ఇది స్పెయిన్ దేశపు ఆట. స్పెయిన్ మనకు పడమర దిక్కున, చాలా దూరంలో, ఐరోపా ఖండంలో ఉంది. అక్కడా రైతులున్నారు. ద్రాక్ష తోటలున్నాయి. గొడ్డూ గోదా ఉంది. మనకు జాతరలు ఉన్నట్టే వాళ్ళకూ ఊరూరా పండుగలున్నాయి. చాలా ఊళ్ళలో పండుగ రోజుల్లో ఆబోతుల ఆట పెడతారు.

వెనకటికి స్పెయిన్ వాళ్ళు ఓడలెక్కి అమెరికా ఖండానికి పోయారు. అక్కడ చాలా కాలం రాజ్యం ఏలారు. వాళ్ళతో పాటు ఈ ఆట కూడా పోయింది. అందుకే మెక్సికో, పెరూ, కొలంబియా దేశాల్లో కూడా ఇది పాతుకుపోయింది. స్పెయిన్ పక్కన ఉన్న పోర్చుగల్ లోనూ, ఫ్రాన్స్ దేశపు దక్షిణ భాగంలోనూ ఉంది.

ఆ ఆబోతు ఎట్లాంటిది?

మనం నాగలికి కట్టే ఎద్దు లాంటిది కాదు. దాన్ని బండికి కట్టరు. అరక దున్నించరు. ఈ ఆట కోసమే వందల ఏళ్ళుగా పెంచుతున్న జాతి అది. పెద్ద పెద్ద బీళ్ళలో, చెట్ల నీడన, మందలో తిరుగుతూ పెరుగుతుంది. నాలుగు నుంచి ఆరేళ్ళ లోపు వయసులో బరికి తెస్తారు. అప్పటికి సుమారు 500 కిలోల బరువు ఉంటుంది. అంటే 10 బియ్యం బస్తాల బరువు.

కొమ్ముల ఆబోతుకు ధైర్యం తల్లి నుంచి వస్తుందని అక్కడి రైతుల నమ్మకం. అందుకని ఆవుల్ని కూడా పరీక్ష చేస్తారు. మీదికి దూకే ఆవునే దూడల కోసం ఉంచుకుంటారు.

ఇంకో సంగతి. బరిలోకి వచ్చేదాకా ఆ ఆబోతుకు గుడ్డ పట్టుకున్న మనిషిని చూపించరు. ఎందుకు? పశువుకు తెలివి ఉంది. ఒకసారి చూస్తే నేర్చుకుంటుంది. రెండోసారి గుడ్డను వదిలేసి మనిషి మీదికే వస్తుంది.

ఎరుపు చూస్తే కోపమా?

"ఎర్ర చీర కట్టుకుని ఎద్దు ముందు నుంచి పోకు" అని మన ఇళ్ళల్లో కూడా అంటారు. ఇది నిజం కాదు. మన కంటికి కనిపించినట్టు ఎరుపు పశువు కంటికి కనిపించదు. గుడ్డ కదులుతున్నది కాబట్టి మీదికి వస్తుంది. ఆట మొదట్లో వాడే పెద్ద గుడ్డ ఎర్రది కాదు. ఒకపక్క గులాబీ రంగు, ఇంకోపక్క సాధారణంగా పసుపు. దాని మీదికీ ఆబోతు అట్లాగే వస్తుంది.

ఆట ఎట్లా సాగుతుంది?

ఆట జరిగే చోటు గుండ్రంగా ఉంటుంది. మధ్యలో ఇసుక బరి. చుట్టూ మెట్లు. మాడ్రిడ్ పట్టణంలో ఉన్న బరిలో సుమారు 23 వేల మంది కూర్చోవచ్చు. దాన్ని 1931లో తెరిచారు.

ఒక సాయంత్రం మామూలుగా ఆరు ఆబోతుల్ని తెస్తారు. వాటిని చంపే వాళ్ళు ముగ్గురు. ఒక్కొక్కరికి రెండు. ఆ మనిషిని మటడోర్ అంటారు. చంపేవాడు అని ఆ మాటకు అర్థం. బంగారు జరీ కుట్టిన బట్టలు వేసుకుంటాడు. పై మెట్ల మీద ఒక పెద్దమనిషి కూర్చుంటాడు. ఆయన రుమాలు చూపిస్తే ఒక భాగం అయిపోయి ఇంకో భాగం మొదలవుతుంది. ఇట్లా మూడు భాగాలు.

మొదటి భాగంలో గుర్రం మీద మనిషి వస్తాడు. పొడుగాటి బల్లెంతో ఆబోతు మెడ కండలో పొడుస్తాడు. కండ దెబ్బతిని ఆబోతు తల కిందికి దిగుతుంది. పూర్వం ఆబోతు కుమ్మితే గుర్రం పేగులు బయటపడేవి. ఎన్నో గుర్రాలు చచ్చిపోయేవి. 1928 నుంచి గుర్రానికి మందపాటి మెత్త కట్టాలని నియమం పెట్టారు.

రెండో భాగంలో కాలి మీద పరుగెత్తుతూ మనుషులు వస్తారు. రంగు కాగితాలు చుట్టిన పుల్లలు వాళ్ళ చేతుల్లో ఉంటాయి. వాటి మొనకు ఇనప ముల్లు ఉంటుంది. జతలు జతలుగా ఆబోతు వీపు పైభాగాన గుచ్చుతారు.

మూడో భాగంలో మటడోర్ ఒక్కడే వస్తాడు. మనం టీవీలో చూసిన చిన్న ఎర్ర గుడ్డ ఇప్పుడే బయటికి వస్తుంది. ఆబోతును తన ఒంటికి ఆనుకునేంత దగ్గరగా తిప్పుతాడు. కాలు కదపకుండా ఎంత దగ్గరగా తిప్పితే అంత గొప్ప. చివరికి కత్తితో భుజాల మధ్య పొడిచి చంపుతాడు. ఒక్కో ఆబోతుకు ఇదంతా సుమారు 20 నిమిషాలు.

బాగా ఆడాడని తోస్తే జనం తెల్ల రుమాళ్ళు ఊపుతారు. అప్పుడు ఆబోతు చెవి కోసి మటడోర్ కు బహుమతిగా ఇస్తారు. కంచర గాడిదలతో కళేబరాన్ని బయటికి ఈడ్పిస్తారు. మాంసం అమ్ముతారు. ఎప్పుడో ఒకసారి, ఆబోతు చాలా గొప్పగా పోరాడితే, దాన్ని క్షమించి వదిలేస్తారు. అది తిరిగి మందకు పోయి విత్తనపు ఆబోతుగా బతుకుతుంది. అట్లాంటివి చాలా తక్కువ.

ఎప్పటి నుంచి?

మొదట్లో ఇది దొరల ఆట. గుర్రాల మీద కూర్చుని బల్లేలతో ఆడేవాళ్ళు. పేదవాళ్ళు కింద నిలబడి పనివాళ్ళుగా సాయం చేసేవాళ్ళు. సుమారు 300 ఏళ్ళ కిందట దొరలు తప్పుకున్నారు. కింద నిలబడ్డ పేదవాళ్ళే ముందుకొచ్చారు. వడ్రంగుల ఇళ్ళల్లో, కసాయి వాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన మగపిల్లలు ఈ ఆటతో డబ్బూ పేరూ సంపాదించారు. రోండా అనే ఊళ్ళో 1785లో తెరిచిన రాతి బరి నేటికీ ఉంది. ఆ ఊరి పెద్రో రొమేరో ఆ కాలంలో పెద్ద పేరున్న మటడోర్.

ఈ ఆట మంచిదా కాదా అన్న గొడవ కూడా కొత్తది కాదు. 1567లోనే క్రైస్తవుల మత పెద్ద పోపు దీన్ని నిషేధించాడు. స్పెయిన్ రాజు ఆ మాట అమలు చేయలేదు. కొన్నేళ్ళకు ఇంకో పోపు ఆ కట్టడిని సడలించాడు.

ఈ ఆటలో మనుషులు కూడా చచ్చిపోయారు. మనోలెతె అనే మటడోర్ అంటే దేశమంతా పడి చచ్చేది. 1947లో లినారెస్ అనే ఊళ్ళో ఆబోతు పొడిచి ఆయన చనిపోయాడు. అప్పుడు వయసు 30 ఏళ్ళే. 2016లో విక్టర్ బారియో అనే మటడోర్ చనిపోయాడు. అది టీవీలో అందరూ చూస్తుండగానే జరిగింది.

కొమ్ము గాయం చీము పట్టి ప్రాణాలు పోయిన వాళ్ళు ఇంకా ఎక్కువ. పెన్సిలిన్ మందు వచ్చాక ఆ చావులు తగ్గాయి. ఆ మందును కనిపెట్టింది ఫ్లెమింగ్ అనే శాస్త్రజ్ఞుడు. మాడ్రిడ్ బరి బయట ఆయన విగ్రహం ఉంది. మటడోర్లే కృతజ్ఞతగా పెట్టించారు.

ఆడవాళ్ళు ఆడారా?

ఆడారు. ఆడనివ్వలేదు కూడా.

1908లో ఒక మంత్రి ఆడవాళ్ళు బరిలో దిగకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. మధ్యలో కొన్నేళ్ళు అది సడలింది. అప్పుడు హువానితా క్రూస్ అనే అమ్మాయి బరిలో దిగి పేరు తెచ్చుకుంది. మళ్ళీ నిషేధం వచ్చింది. ఆమె దేశం వదిలి మెక్సికో వెళ్ళి, 1940లో అక్కడ మటడోర్ అయింది. తర్వాత ఆంహెలా ఎర్నాందెస్ అనే ఆమె చట్టం కోసం పోరాడింది. 1974లో ఆ నిషేధం పోయింది.

క్రిస్తీనా సాంచెస్ 1996లో ఫ్రాన్స్ లోని నీమ్ పట్టణంలో మటడోర్ పట్టం పొందింది. అయినా కొందరు మగ మటడోర్లు ఆమె పక్కన ఆడమన్నారు. 1999లో ఆమె ఆట మానేసింది.

ఇక్కడ ఒక మాట. ఆడదానివని ఆపడం అన్యాయం. నేను ఒప్పుకుంటాను. కానీ మగవాడు చేసినా, ఆడది చేసినా ఆబోతు నొప్పి ఒక్కటే. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు. కలిపి చూడకూడదు.

ఒక సంతకం విలువ

స్పెయిన్ లో జనం రెండు పక్షాలుగా ఉన్నారు.

"ఇది మా కళ. దీని మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. మాంసం కోసం పెంచే పశువు చిన్న దొడ్లో కట్టేసి ఉంటుంది. మా ఆబోతు నాలుగేళ్ళు రాజులా తిరుగుతుంది" అని ఒక పక్షం అంటుంది.

"20 నిమిషాల నరకాన్ని చూసి చప్పట్లు కొట్టడం కళ ఎట్లా అవుతుంది? బతుకు తెరువు వేరేది చూపించవచ్చు" అని ఇంకో పక్షం అంటుంది.

వాళ్ళు ఏం చేశారో చూడండి. బార్సిలోనా పట్టణం ఉన్న కాటలోనియా ప్రాంతంలో ఆట వద్దన్న వాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. 1 లక్షా 80 వేల సంతకాలు తెచ్చారు. దాంతో అక్కడి శాసనసభ ఆ సంగతి చర్చించక తప్పలేదు. 2010లో ఓట్లు వేశారు. వద్దు అన్నవాళ్ళు 68 మంది. ఉండాలి అన్నవాళ్ళు 55 మంది. 2012లో అక్కడ ఆట నిషేధం అమల్లోకి వచ్చింది.

రెండో పక్షం ఊరుకోలేదు. వాళ్ళూ సంతకాలు సేకరించారు. 5 లక్షలకు పైగా తెచ్చారు. 2013లో దేశ పార్లమెంటు ఈ ఆటను దేశ సంస్కృతిలో భాగమని చట్టం చేసింది. 2016లో కోర్టు కాటలోనియా నిషేధాన్ని కొట్టేసింది. వద్దన్న వాళ్ళు మళ్ళీ సంతకాలు పట్టుకుని వచ్చారు. 2025లో పార్లమెంటు వాళ్ళ మాట ఒప్పుకోలేదు. గొడవ తేలలేదు.

వేరే దేశాల్లోనూ మార్పు వస్తున్నది. పోర్చుగల్ లో 1928 నుంచే బరిలో ఆబోతును చంపకూడదని చట్టం ఉంది. కొలంబియా 2024లో ఈ ఆటను ఆపాలని చట్టం చేసింది. దాని మీద బతికే వాళ్ళు వేరే పని చూసుకోవడానికి మూడేళ్ళ గడువు ఇచ్చింది. మెక్సికో పట్టణంలో 2025లో ఆబోతును పొడవకూడదు, చంపకూడదు అని చట్టం వచ్చింది.

మరి మన దగ్గర?

సంక్రాంతి రోజుల్లో తమిళనాడులో జల్లికట్టు ఆడతారు. మన వైపు చంద్రగిరి దగ్గరి ఊళ్ళలో పశువుల పండుగ చేస్తారు. ఎద్దుల కొమ్ములకు పలకలు కడతారు. కుర్రాళ్ళు వాటిని లాక్కోవాలి. ఇక్కడ పశువును చంపరు. అది పెద్ద తేడా. కానీ గాయాలు అవుతాయి. మనుషుల ప్రాణాలూ పోయాయి. 2014లో సుప్రీం కోర్టు జల్లికట్టును ఆపింది. 2017లో తమిళనాడు జనం వీధుల్లోకి వచ్చారు. అక్కడి ప్రభుత్వం నియమాలతో కొత్త చట్టం చేసింది. 2023లో సుప్రీం కోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది.

పెద్దమ్మ మాటకు ఇప్పుడు నా జవాబు ఇది. పెద్దమ్మా! ఆచారం పాతదే. కానీ పాతది కాబట్టి మాట్లాడకూడదని లేదు. దొరల ఆట పేదల ఆట అయింది. గుర్రానికి మెత్త వచ్చింది. ఆడవాళ్ళను ఆపిన ఉత్తర్వు పోయింది. ఇదంతా మనుషులు అడగబట్టే మారింది. అక్కడి వాళ్ళ సంగతి అక్కడి వాళ్ళే తేల్చుకుంటారు. మన ఊరి సంగతి మనం తేల్చుకోవాలి.

రేపు రాత్రి కేంద్రంలో ఈ మూడు ప్రశ్నలు మాట్లాడుకుందాం.

మన పండుగల్లో పశువుకు ఎక్కడ గౌరవం ఉంది? ఎక్కడ బాధ ఉంది?

ఆ పండుగ ఎట్లా జరగాలో ఊళ్ళో ఎవరు తేలుస్తున్నారు? అందులో ఆడవాళ్ళను ఎవరైనా అడుగుతున్నారా?

మార్చాల్సింది ఏదైనా ఉంటే, ఒక కాగితం రాసి పంచాయతీకి ఇద్దామా? రాయడం మనకు వచ్చు. సంతకం కూడా వచ్చు.