తోటలో పంది, పురుగుల ఇంట్లో ఎలుక: తుపాకీ ఎక్కడ, బోను ఎక్కడ?

చింతామణి, బాగేపల్లి వైపు కాడుహంది అంటారు, హోసూరు వైపు కాట్టుపన్ని అంటారు. పేరేదైనా అడవిపంది మన తోటలోకి ఆకు కోసం రాదు. డ్రిప్పు కింద మెత్తబడిన మట్టిలో వానపాములు, గడ్డలు వెతుక్కుంటా వస్తుంది. ఒక్క రాత్రిలో పైపులు తెంపి, కొమ్మలు తొక్కి, సాళ్లన్నీ తిరగేసి పోతుంది. మట్టి అంటిన ఆకు పురుగుకు వేయలేం. అది నాలుగో జ్వరం లేచిన వారమైతే నష్టం చెప్పక్కర్లేదు. పంట మొత్తానికి కావాల్సిన మేతలో నూటికి 80 పాళ్ల పైన ఆ వారంలోనే పోతుంది.

ఆ కోపంలో ముందు గుర్తొచ్చేది తుపాకీ. చట్టం ఏమంటుందో చూద్దాం. 1972 వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అడవిపంది ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది. పంట పాడుచేస్తున్న పందిని చంపడానికి అనుమతి ఇచ్చే దారి 11వ సెక్షన్‌లో ఉంది, కానీ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని రాసి ఇవ్వాల. చేతిలో తుపాకీ లైసెన్సు ఉంటే చాలదు. ఉచ్చు వేయడం, విషం పెట్టడం కూడా వేటే. అనుమతి లేకుండా చేస్తే 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు.

తమిళనాడులో 2025 జనవరిలో కొత్త పద్ధతి చెప్పారు. అడవి అంచు నుంచి 1 కిలోమీటరు లోపల పందిని కాల్చకూడదు, 1 నుంచి 3 కిలోమీటర్ల మధ్య పట్టుకొని అడవిలో వదలాల, 3 దాటితే అటవీ సిబ్బందే కాలుస్తారు. రైతు కాల్చేది అందులోనూ లేదు. ఎక్కడివారైనా తవ్విన తోటను సర్దకముందే ఫోటోలు తీసి రేంజరు ఆఫీసులో అర్జీ ఇవ్వండి. పరిహారం అడగాలన్నా, అనుమతి అడగాలన్నా ఆ ఫోటోలే ఆధారం.

క్లచ్ వైరు ఉచ్చు మాట మాకు అసలు నచ్చదు. పందికని వేస్తే చిరుత చిక్కిన ఊళ్లున్నాయి. చిరుత మొదటి షెడ్యూలు, శిక్ష 3 ఏళ్ల నుంచి మొదలు. కంచెకు నేరుగా కరెంటు పెట్టేవాళ్లకు ఏం చెప్పాల? తెల్లారుజామున ఆకు కోయడానికి వచ్చేది మన ఇంటివాళ్లే కదా.

చట్టం పక్కన పెట్టినా, మన వృత్తికి ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. వాసనకు పంది రాదని కొందరు గట్ల వెంట ఫోరేటు గుళికలు కడతారు. ఆ మందు 2020 చివరి నుంచి దేశంలో నిషేధం. పైగా అది వేరు గుండా ఆకులోకి ఎక్కే మందు. ఆ గుళిక వాన నీళ్లకు కరిగి సాల్లోకి దిగితే పంది పోతుందో లేదో గాని, ఆ ఆకు తిన్న పురుగులు పోతాయి. పక్క చేనువాళ్లు వేస్తున్నా మాట్లాడి ఆపించండి.

పనికొచ్చేది సోలార్ కంచె. క్షణానికోసారి దెబ్బ కొట్టి వదిలే యంత్రం ఉండాల, అది చంపదు, బెదరగొడుతుంది. కింది తీగ నేలకు జానెడు ఎత్తులోపే ఉండాల, పంది మూతికి తగలాల గదా. మల్బరీ కొమ్మలు పెరిగి తీగకు ఆనితే కరెంటు నేలలోకి పోతుంది. అందుకని కంచెకు, మొదటి సాలుకు మధ్య గజం వదలండి. గడ్డి కోస్తుండండి.

ఇక బోను. దానికి సరైన చోటు పురుగుల ఇల్లే. పండిన పురుగులు చంద్రికెకు ఎక్కినప్పటి నుంచి గూడు విడిపించే దాకా ఎలుకకు పండగ. లోపలి పురుగు కోసం గూడు కొరుకుతుంది, కొరికిన గూటికి దారం తెగిపోతుంది, శిడ్లఘట్ట మార్కెట్లో దాన్ని మంచి గూళ్లతో ఎవరూ లెక్కేయరు. ఊజీకి కట్టిన నైలాను వలను ఎలుక నిమిషంలో కొరికేస్తుంది. కింది మూడడుగులు ఇనుప జాలి వేయండి. పెన్సిల్ దూరే సందు చాలు, చిట్టెలుక దూరుతుంది.

పురుగులున్న ఇంట్లో ఎలుకల మందు వద్దు. జింక్ ఫాస్ఫైడు తేమకు విషవాయువు వదులుతుంది, మన ఇంట్లో తేమ ఎప్పుడూ ఉండేదే. బోనే మేలు. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. అందుకే చంద్రికెకు నాలుగైదు రోజుల ముందే, గోడ వెంబడి, మీట బిగించకుండా ఎండుచేప ముక్కో, వేరుశనగలో పెట్టి వదలండి. రెండు రాత్రులు తిని పోనివ్వండి. మూడో రాత్రి బిగించండి.