గాలికి వెల లేదు, గాలి కరెంటుకు వెల ఎందుకు?

విజయవాడలోని భవానీపురము నుండి హైదరాబాదు రోడ్డున పోయినచో ఇబ్రహీంపట్నమున నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు కనిపించును. 1979లో మొదటి యూనిటు పనిచేయ నారంభించిన ఈ కేంద్రమునకు బొగ్గు ఎల్లప్పుడును రావలసినదే. దాని కరెంటు వెలలో రెండు భాగములున్నవి. యంత్రములకు, అప్పులకు, సిబ్బందికి అగు ఖర్చు స్థిరమైనది. బొగ్గు ఖర్చు ఉత్పత్తిని బట్టి మారును.

రాయలసీమ కొండలపై తిరుగు గాలిమరల సంగతి వేరు. వానికి బొగ్గు అక్కరలేదు. బొగ్గుపులుసు వాయువును వెలువరింపవు. కాని మర నిలుపుటకు డబ్బంతయు ముందే పెట్టవలెను.

ఒక లెక్క చూతము. మరకు 6 కోట్ల రూపాయలు అప్పు తెచ్చితిమనియు, ఏటికి 20 లక్షల యూనిట్లు వచ్చుననియు అనుకొందము. వడ్డీ నూటికి 10 అయినచో మొదటి యేటి వడ్డీ 60 లక్షలు. అనగా యూనిటుకు 3 రూపాయలు. వడ్డీ నూటికి 6 అయినచో 1 రూపాయి 80 పైసలే. మర అదే, గాలి అదే. వెల మాత్రము మారినది.

అప్పిచ్చువాడు తక్కువ వడ్డీకి ఎప్పుడిచ్చును? బాకీ తీరునన్న నమ్మకమున్నప్పుడు. అందుకే పంపిణీ సంస్థలు 25 ఏండ్లకు ఒకే వెలకు కొనుటకు ఒడంబడిక వ్రాయును.

చిక్కు ఇక్కడనే వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయము ననుసరించి గాలి కరెంటుకు యూనిటుకు 4.84 రూపాయల వరకు ఒడంబడికలు కుదిరినవి. తరువాత యంత్రముల ధరలు తగ్గినవి. 2017లో జరిగిన వేలములలో రాజస్థాన్‌లోని భడ్లాలో సౌర విద్యుత్తు 2.44కు, గుజరాత్‌లో పవన విద్యుత్తు 2.43కు దిగినవి. పాత వెలల భారము పంపిణీ సంస్థలపైనను, తుదకు ప్రజలపైనను పడుచున్నదని రాష్ట్రప్రభుత్వము 2019 జులై 1న ఒక సంఘమును నియమించి, పాత ఒడంబడికలను తిరిగి చర్చింప బూనినది. 2.43, 2.44 రూపాయలకే ఇమ్మని కోరినది.

ప్రభుత్వ వాదన తేలికగా త్రోసివేయదగినది కాదు. గాలి వీచినప్పుడు బొగ్గు కేంద్రమును తగ్గించి నడపినను దాని స్థిరమైన ఖర్చు చెల్లించక తప్పదు. కాని ఉత్పత్తిదారులు, పాత ధరకు కొన్న యంత్రమునకు క్రొత్త ధర ఎట్లు చాలునని హైకోర్టుకు వెళ్లిరి. 2019 సెప్టెంబరులో ఏకన్యాయమూర్తి ఆ ఉత్తర్వును కొట్టివేసి, విషయమును మండలికి విడిచి, అంతవరకు తక్కువ వెలలే చెల్లింపుమనెను. 2022 మార్చి 15న ధర్మాసనము ఒడంబడిక వెలలే చెల్లవలెననియు, బకాయిలు ఆరు వారములలో తీర్చవలెననియు తీర్పు చెప్పెను.

ప్రభుత్వము విద్యుత్తు వ్యాపారములో జోక్యము చేసికొనరాదని దీని భావము కాదు. గాలి వీచు వేళయు, పంటకు మోటారు తిరుగవలసిన వేళయు ఒకటి కావు. వానిని పొత్తు కూర్చువా రుండవలెను. వేలము పెట్టి వెల తగ్గించుటయు జోక్యమే. అది మర నిలువకముందు జరుగును. నిలిచిన పిమ్మట వెల మార్చినచో నేటి బిల్లు తగ్గవచ్చును. కాని అప్పిచ్చువాడు రేపటి మరకు వడ్డీ పెంచును. మన లెక్కలో వడ్డీ నూటికి 8 నుండి 9కి పెరిగినచో యూనిటుపై ఎన్ని పైసలు హెచ్చునో విద్యార్థులు కట్టి చూతురు గాక. మాట తప్పుటకు వెల ఎంతయో అప్పుడు తెలియగలదు.