ఒకే వెలుగు, వేర్వేరు గ్రాహకాలు: మొక్కల రోగనిరోధక సంకేత మార్గాలను ప్రయోగంలో విడదీయడం

ఆకు నుండి చిన్న బిళ్లలు కోసి, రాత్రంతా నీటిలో ఉంచి, మరునాడు లూమినాల్, పెరాక్సిడేజు కలిపిన ద్రావణంలో సూక్ష్మజీవి సంబంధమైన ఉత్తేజకాన్ని చేర్చినచో కొద్ది నిమిషాలలోనే కాంతి వెలువడుతుంది. ఇది కణాలు విడుదల చేసిన క్రియాశీల ఆక్సిజన్ రూపాలకు కొలమానం. బాక్టీరియా ఫ్లాజెల్లిన్‌లోని 22 అమైనో ఆమ్లాల పెప్టైడ్ అయిన ఎఫ్ఎల్‌జి22 చేర్చినా, శిలీంధ్రాల కణకవచంలోని కైటిన్ ముక్కలు చేర్చినా ఈ కాంతి వస్తుంది. కాల్షియం అయాన్ల ప్రవేశం, మ్యాప్ కైనేజుల ఉత్తేజం కూడా రెండింటిలోనూ కనిపిస్తాయి. కణం మేల్కొన్నదని ఆ కాంతి తెలుపుతుంది. తట్టి లేపినది ఎవరో తెలుపదు.

మార్గాలు వేరుగా ఉండేది పైభాగంలో, కణత్వచం వద్ద. అరబిడాప్సిస్‌లో ఎఫ్ఎల్‌జి22ను ఎఫ్ఎల్ఎస్2 గ్రాహకం, బాక్టీరియా ఇఎఫ్-టియు ప్రోటీను ఆరంభంలోని 18 అమైనో ఆమ్లాల ఖండాన్ని ఇఎఫ్ఆర్ గ్రాహకం గుర్తిస్తాయి. రెండింటికీ బాక్1 అనే సహగ్రాహకం తోడుపడుతుంది. కైటిన్ సంకేతం సెర్క్1 ద్వారా నడుస్తుంది. దానికి బాక్1 అవసరం లేదు. కనుక బాక్1 లోపించిన మొక్కలో స్పందన తగ్గి, కైటిన్ స్పందన చెక్కుచెదరకుండా ఉంటే మొదటి చీలిక తేలినట్లే. అయితే బాక్1పై ఆధారపడిన గ్రాహకాలు అనేకం. వాటిలో ఏది అన్నది తేలాలంటే ఆయా గ్రాహకం లోపించిన మొక్కలే కావాలి. గ్రాహకాన్ని తొలగించినప్పుడు స్పందన పోవడంతోపాటు, లేనిచోట చేర్చినప్పుడు రావడం కూడా చూపగలిగితే వాదం బలపడుతుంది. నికోటియానా బెంథామియానాకు సహజంగా ఇఎఫ్ఆర్ లేదు. ఆ జన్యువును ప్రవేశపెట్టగానే దాని ఆకులు ఇఎఫ్-టియు ఖండానికి స్పందిస్తాయి.

విద్యార్థులు తరచుగా నిరోధక రసాయనాలను ఆశ్రయిస్తారు. డిపిఐ ఆక్సిజన్ రూపాల ఉత్పత్తిని, లాంథనం క్లోరైడు కాల్షియం ప్రవేశాన్ని అడ్డుకుంటాయి. కానీ ఇవి పనిచేసేది మార్గాలు కలిసిన తరువాత. కాలువలు కలిసిన చోటుకు దిగువన అడ్డుకట్ట వేసి, నీరు ఏ కాలువదో చెప్పబూనడం వంటిదే ఇది.

ఉత్తేజకం శుద్ధత మరొక చిక్కు. ఎఫ్ఎల్‌జి22 నానోమోలార్ గాఢతలోనే పనిచేస్తుంది. అంగడిలో కొన్న ఇతర కృత్రిమ పెప్టైడ్లలో ఎఫ్ఎల్‌జి22 కల్తీగా చేరి, దాని స్పందననే చూపవచ్చునని 2012లో ప్లాంట్ సెల్ పత్రికలో వెలువడిన వ్యాసం హెచ్చరించింది. కొత్త పెప్టైడ్‌ను ఎఫ్ఎల్ఎస్2 లోపించిన మొక్కపై కూడా పరీక్షించనిదే ఏ ఫలితాన్నీ నమ్మరాదని నా అభిప్రాయం. బాక్టీరియా వర్ధన ద్రవంతో చేసే పనిలో ఇది మరింత అవసరం, అందులో ఫ్లాజెల్లిన్ ఉండడం సహజం.

వరిలో బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనే ఎక్స్ఎ21 గ్రాహక జన్యువును 1995లో వేరుచేశారు. దానిని ఉత్తేజపరిచేది ఏఎక్స్21 ప్రోటీను అని 2009లో ప్రకటించి, 2013లో ఆ పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. బాక్టీరియా తెగలు తారుమారు కావడం, పరీక్షా విధానం నిలకడగా లేకపోవడం అందుకు కారణాలు. అసలు ఉత్తేజకం రాక్స్ఎక్స్ అని 2015లో తేలింది. దానిలోని 21 అమైనో ఆమ్లాల ఖండం, టైరోసిన్‌పై సల్ఫేటు చేరి ఉంటేనే ఎక్స్ఎ21ను ఉత్తేజపరుస్తుంది. సల్ఫేటు లేని అదే ఖండాన్ని పక్కన ఉంచి పోల్చడం ఇక్కడ చక్కని నియంత్రణ.

మన ప్రాంతంలో ఈ జన్యువుపై పనిచేయదలచినవారికి ఒక మాట. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలనాలయం, సిసిఎంబి కలిసి రూపొందించిన మెరుగైన సాంబ మసూరిలో ఎక్స్ఎ21తోపాటు ఎక్స్ఎ5, ఎక్స్ఎ13 కూడా ఉన్నాయి. ఈ రెండూ గ్రాహకాలు కావు. ఎక్స్ఎ5 జన్యు అనులేఖనంలో పాల్గొనే ప్రోటీనులోని మార్పు. ఎక్స్ఎ13 చక్కెర రవాణా జన్యువు ప్రమోటరులోని మార్పు. బాక్టీరియా తన ప్రోటీనులతో మొక్క జన్యువులను వశపరచుకోకుండా ఇవి అడ్డుపడతాయి. అందువల్ల ఈ రకంలో మచ్చ పొడవు తగ్గిందని కొలిచి, అది ఎక్స్ఎ21 సంకేతం ఫలితమేనని వ్రాయడానికి వీలులేదు. సాంబ మసూరి నేపథ్యంలోనే ఎక్స్ఎ21 ఒక్కటే ఉన్న వరుసను, ఏ జన్యువూ చేర్చని మాతృరకాన్ని వెంట పెట్టుకొని ప్రయోగం మొదలుపెట్టాలి.