విమానచాలక శిక్షణకు ప్రవేశపరీక్ష : మన పిల్లలు ఎట్లు సిద్ధపడవలెను?

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య భిలాయి ఉక్కు కర్మాగార నిర్మాణానికి ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ గారు తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ నాలుగేండ్ల నడుమ శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారిలో పలువురు తలదాచుకొన్న తావు మన క్యాంప్ 1. నిర్మాణము ముగిసినది, తాత్కాలికమైన ఆ పేరు మాత్రము శాశ్వతముగా నిలిచిపోయినది.

ఆ తొలితరమువారు తమ బిడ్డ ఐ.టి.ఐ. గట్టెక్కి కర్మాగారములో చేరితే చాలుననుకొన్నారు. రెండవ తరమువారు తమ పిల్లలను ఇంజనీర్లుగా చూడగోరారు. ఇప్పుడు మూడవ తరము పిల్లలలో కొందరు ఆకాశము వంక చూచి, "విమానము నడపాలంటే ఏం చెయ్యాలి?" అని అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు మనలో అనేకుల వద్ద సమాధానము లేదు. "అది పెద్దవాళ్ళ చదువు" అని దాటవేయుటయే అలవాటు. ఆ లోటును కొంతవరకు తీర్చుటకే ఈ వ్యాసము.

ఒక ఇంటి అనుభవము

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. స్టీల్ మెల్టింగ్ షాపులో ముప్పదేండ్లకు పైగా క్రేను నడిపి పదవీ విరమణ చేశారు. ఆయన కుమార్తె పన్నెండవ తరగతిలో గణిత, భౌతిక శాస్త్రాలలో మంచి మార్కులు తెచ్చుకొన్నది. గత సంవత్సరము ఒక విమాన శిక్షణాలయము వారి ప్రవేశపరీక్షకు వెళ్ళినది. వ్రాతపరీక్ష నెగ్గినది గాని, కంప్యూటరు తెర ముందు కూర్చుండబెట్టి చేతికి జాయ్‌స్టిక్ ఇచ్చి జరిపిన నైపుణ్యపరీక్షలో తప్పినది.

ఇంటికి వచ్చి తండ్రితో, "నాన్నా, లెక్కలన్నీ చేశాను. ఆ తెరమీద చుక్కే నా మాట వినలేదు" అన్నదట.

"ఎంత గట్టిగా తోశావు తల్లీ?"

"అది ఎంత దూరం పోతే అంత గట్టిగా తోశాను."

ఆయన నవ్వి, "అందుకే పోయింది. ఊగుతున్న లేడిల్‌తో కుస్తీ పట్టిన క్రేనువాడెవడూ బాగుపడలేదమ్మా" అన్నారట.

ఈ మాట ఆయన నోట విన్ననాడు నాకు ఒక సంగతి స్పష్టమైనది. విమాన శిక్షణాలయములు పరీక్షించే నేర్పు మనకు తెలియని వింతవిద్య కాదు. మన షాపులలో ప్రతి షిఫ్టులోను ఎవరో ఒకరు దానిని చేసి చూపుచునే ఉన్నారు.

పరీక్షలో ఏమి చూస్తారు?

మన దేశములో ప్రభుత్వ రంగమున పేరుగన్న శిక్షణాలయము ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడెమీ. 1985లో స్థాపితమైన ఈ సంస్థ ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్నది. అచట ప్రవేశానికి పదియేడేండ్లు నిండి, పన్నెండవ తరగతిలో ఆంగ్లము, గణితము, భౌతికశాస్త్రము చదివియుండవలెను. వ్రాతపరీక్షలో ఈ విషయములతోపాటు తర్కశక్తిని కూడ పరీక్షిస్తారు. ప్రశ్నల స్థాయి పన్నెండవ తరగతికి మించదు. అటుపిమ్మట ముఖాముఖి, చాలక నైపుణ్యపరీక్ష ఉంటాయి. అభ్యర్థులను ఎంపిక చేసుకొను విమానసంస్థలు, ప్రైవేటు శిక్షణాలయములు సైతము కొద్ది మార్పులతో ఇదే దారిని అనుసరిస్తాయి.

నైపుణ్యపరీక్ష అంటే ఏమిటి? కదిలే చుక్కను జాయ్‌స్టిక్‌తోను, పాదములతో నొక్కే పెడల్స్‌తోను గడి మధ్యలో నిలుపవలెను. అదే సమయములో ఒక మూల దీపము వెలిగినచో మీట నొక్కవలెను. చెవిలో వినవచ్చిన అంకెలను గుర్తుంచుకొనవలెను. కృత్రిమ క్షితిజము, దిక్సూచి చిత్రములను చూచి విమానము ఏ వైపు ఒరిగి, ఏ దిశగా పోవుచున్నదో క్షణములలో చెప్పవలెను. ఒక్కొక్కటి విడిగా చూచిన సులభమే. అన్నియు ఒకేసారి మీదపడినప్పుడు మనస్సు దేనిని ముందు పట్టుకొనునో చూచుటయే పరీక్ష యొక్క ఉద్దేశము.

భారత వాయుసేన ఈ పద్ధతిని దశాబ్దాల క్రితమే చేపట్టినది. తిరిగే డ్రమ్ముపై చుట్టిన కాగితమున చుక్కలు వచ్చుచుండగా, అభ్యర్థి చక్రము త్రిప్పుచు ములికిని వానిమీదుగా నడుపవలసియుండెడిది. తరువాతి కాలములో దాని స్థానమున కంప్యూటరు పరీక్ష వచ్చినది. వాయుసేన చాలక పరీక్షకు జీవితములో ఒక్కమారే అవకాశము. తప్పినవారికి ఆ శాఖలో మరల పిలుపు రాదు. పౌర విమానయాన శిక్షణాలయములకు మరల ప్రయత్నించు వీలు కలదు. ఈ భేదమును తల్లిదండ్రులు ముందుగా గుర్తించవలెను.

క్రేను కేబినులో పాఠము

ఆ పెద్దాయన తన కుమార్తెకు చెప్పిన పాఠమును నేను అడిగి వ్రాసుకొన్నాను. "నూరు టన్నులకు పైబడిన ద్రవఉక్కు క్రింద వ్రేలాడుతుంటుంది. అది ఊగినప్పుడు వెనక్కి లాగితే ఊగు పెరుగుతుంది. అది చివరకు చేరే వేళకు క్రేనును కొద్దిగా దాని మీదికే నడిపించాలి. ఊగు దానంతట అదే చస్తుంది. ఇంకొకటి, ఒక కన్ను బరువుమీద, ఒక కన్ను క్రింద సైగచేసేవాడిమీద, చెవి సైరనుమీద ఉండాలి. దేనివైపూ రెండు క్షణాలకు మించి చూస్తూ ఉండిపోకూడదు."

జాయ్‌స్టిక్‌కు కూడ ఇదియే సూత్రము. చుక్క తొలగిన వెంటనే కొంచెము కదల్చవలెను. ఫలితము కనబడువరకు ఆగవలెను. పిదప చేతిని మధ్యకు తేవలెను. భయపడి గట్టిగా తోసినవాడు అవతలి వైపుకు పోవును, మరల ఇవతలికి లాగును. ఆ అమ్మాయి ఓడిపోయినది ఇందువల్లనే. బిగబట్టిన పిడికిలికి సున్నితము తెలియదు. వ్రేళ్ళ కొసలతో పట్టుకొనుట మేలు.

ఇంటివద్ద సాధన

ఈ నేర్పును కంఠస్థము చేయుట సాధ్యము కాదు; అలవాటుగా మార్చుకొనవలసినదే. ఒకేరోజున ఐదుగంటలు కూర్చొనుటకంటె ప్రతిదినము ఇరువది నిమిషముల చొప్పున రెండు మూడు నెలలు సాధించుట ఉత్తమము. సాధారణ కంప్యూటరు, తక్కువ ధర జాయ్‌స్టిక్ ఉన్న చాలును. మొదటి వారములలో చుక్కను నిలుపుట ఒక్కటే చేయవలెను. చేయి కుదిరిన తరువాత దానితోపాటు ఎక్కములు అప్పజెప్పవలెను. అటుపై ఇంటివారెవరైనా ఆరంకెల సంఖ్యను చదువగా, చుక్కను వదలకుండ దానిని తలక్రిందుగా చెప్పవలెను. చెల్లెలో, తమ్ముడో ఈ ఆటకు సంతోషముగా ముందుకు వస్తారు.

నోటిలెక్కలను కాగితము లేకుండ చేయుట మరియొక ముఖ్యాంశము. చాలకులు నిత్యము వాడే కొన్ని సులువులను ఇక్కడ ఇచ్చుచున్నాను.

గంటకు 120 నాటికల్ మైళ్ళ వేగమనగా నిమిషమునకు 2 మైళ్ళు. కావున 45 మైళ్ళ దూరమునకు ఇరువదిరెండున్నర నిమిషములు పట్టును. గంటకు 30 లీటర్ల ఇంధనము ఖర్చయినచో 40 నిమిషములకు 20 లీటర్లు.

ఎదురుదిశను కనుగొనుటకు 180 కలుపవలెను. మనస్సులో 200 కలిపి 20 తీసివేసిన త్వరగా వచ్చును. 70 డిగ్రీలకు ఎదురు 250. అందుచేతనే ఏ రన్‌వేకైనను ఒక చివర 07 అని వ్రాసియున్నచో రెండవ చివర 25 అని ఉండును. నందినిలోని మన కర్మాగారపు రన్‌వేను చూచినవారికి ఆ అంకెల అర్థము ఇప్పుడు తెలియగలదు.

అరువది మైళ్ళు పోవుసరికి ఒక డిగ్రీ దారి తప్పినచో ఒక మైలు ప్రక్కకు పోయినట్లు. వేయి అడుగుల ఎత్తు దిగుటకు సుమారు మూడు మైళ్ళు కావలెను. 24,000 అడుగుల నుండి దిగవలసినవాడు 72 మైళ్ళ ముందే ఆరంభించవలెను.

ఈ లెక్కలలో కష్టమైనది లేదు. చుక్కను నిలుపుచు చేయుటలోనే కష్టమున్నది.

ముందు వైద్యపరీక్ష, తరువాతనే రుసుము

అనేక కుటుంబములు ఇచటనే పొరపాటు చేయుచున్నవి. ముందు డబ్బు చెల్లించి, తరువాత కంటిలోపము బయటపడగా విచారించుట వలన ప్రయోజనము లేదు. పౌర విమానయాన డైరెక్టరేటు జనరల్ గుర్తించిన వైద్యునివద్ద రెండవ తరగతి వైద్యపరీక్షను మొదటనే చేయించుకొనవలెను. వాణిజ్య చాలక లైసెన్సునకు అంతకంటె కఠినమైన మొదటి తరగతి పరీక్ష తప్పనిసరి. కండ్లద్దాలు ఉన్నంత మాత్రమున అనర్హత కలుగదు. నిర్ణీత పరిమితిలో చూపు సరిపడిన చాలును. రంగులను గుర్తించు శక్తిలో లోపము మాత్రము పెద్ద అడ్డంకి కాగలదు.

వాణిజ్య లైసెన్సునకు 200 గంటలు విమానము నడిపిన అనుభవము కావలెను. ఆ గంటల ఖరీదే శిక్షణ ఖరీదు. ఫుర్సత్‌గంజ్ అకాడెమీలో సైతము ఇటీవలి సంవత్సరములలో రుసుము 45 లక్షల రూపాయల స్థాయిలో ఉన్నది. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణమునకు బ్యాంకులు సాధారణముగా ఆస్తి తాకట్టు కోరుతాయి. లైసెన్సు చేతికి వచ్చిన మరునాడే ఉద్యోగము వచ్చునన్న భరోసా లేదు. కనుక భవిష్యనిధిని ముట్టుకొనుటకు ముందు ఇంటిల్లిపాది కూర్చుండి, "ఉద్యోగము రెండేండ్లు ఆలస్యమైన వాయిదాలు ఎవరు కడతారు?" అన్న ప్రశ్నకు జవాబు వ్రాసుకొనవలెను. నైపుణ్యపరీక్ష ఈ విషయములో మనకు మిత్రుడే. చేతికి అలవడని పని యెడల లక్షలు పోయక మునుపే అది హెచ్చరిక చేయుచున్నది.

తప్పినంతమాత్రాన

1958లో ఒక యువ ఇంజనీరు వాయుసేన ఎంపికకు డెహ్రాడూన్ వెళ్ళినాడు. ఇరువదియైదుగురు అభ్యర్థులలో ఎనమండుగురిని తీసుకొన్నారు. ఆతడు తొమ్మిదవ స్థానములో నిలిచినాడు. ఆ యువకుడే డాక్టర్ ఏ.పి.జె. అబ్దుల్ కలామ్. తదుపరి రాకెట్టు, క్షిపణి రంగములలో ఆయన చేసిన కృషి లోకవిదితము. 2006 జూన్ 8వ తేదీన, రాష్ట్రపతి హోదాలో, డెబ్బదినాలుగవ ఏట పూణే నుండి సుఖోయ్ యుద్ధవిమానములో సహచాలకుని స్థానమున కూర్చుండి ఎగిరినారు. బండ్ల శిరీషకు చూపు కారణముగా వ్యోమగామి చాలక మార్గము మూసికొనిపోగా, ఇంజనీరింగు మార్గమున నడిచి 2021 జులై 11న అంతరిక్షపు అంచును చూచివచ్చినది. ఒక ద్వారము మూయబడిన మాట నిజమే. ఇంటిదారి పట్టవలసిన అగత్యము మాత్రము లేదు.

మన క్రేను ఆపరేటరు కుమార్తె విషయానికి వత్తము. ఈ సంవత్సరము ఆ అమ్మాయి ముందుగా వైద్యపరీక్ష చేయించుకొన్నది. ప్రతి ఉదయము ఇరువది నిమిషములు తెరముందు కూర్చొనుచున్నది. తండ్రి ప్రక్కన కుర్చీ వేసికొని అంకెలు చదువుతారు. చేయి బిగిసినప్పుడు, "లేడిల్, తల్లీ, లేడిల్" అని గుర్తుచేస్తారు. దుర్గ్ నుండి బయలుదేరే సారనాథ్ ఎక్స్‌ప్రెస్‌కు రెండు టిక్కెట్లు తీసియుంచారు. ఈసారి తానుకూడ వెంట వెళ్ళునట.

"పరీక్ష గదిలోకి మిమ్ములను రానివ్వరు గదా అన్నగారూ" అన్నాను.

"గదిలోకి ఎందుకు బాబూ? ముప్పదేండ్లు పైనుండి క్రిందకు చూశాను. ఒక్కసారి క్రిందనుండి పైకి చూద్దామని" అన్నారాయన.

మన క్యాంపులో ఇట్టి కోరిక గల పిల్లలు ఇంకెందరో ఉండవచ్చును. వారికి మనము ఇవ్వదగినది లక్షల రూపాయలే కానక్కరలేదు. సరియైన సమాచారము, దినమునకు ఇరువది నిమిషములు, ప్రక్కన ఒక కుర్చీ ఇవ్వగలిగిన చాలును. ఆ అమ్మాయికి, ఆమెవంటి పిల్లలందరికి మన కర్మాగార కుటుంబము తరపున శుభాకాంక్షలు.