చిల్లర కేసు – దూరదేశ ప్రయాణము

నిజాంసాగరు కాలువ పారు బోధను ప్రాంతమున చెరకుబండ్ల వరుసలే ఒకప్పుడు సంపదకు గుర్తు. 2015 డిసెంబరులో శక్కర్‌నగరు కర్మాగారము మూతపడినది. అంతకు ఎన్నో యేండ్లకు ముందే ఇచ్చటి యువకులు దుబాయి, మస్కటు, కువైటుల దారి పట్టియుండిరి. పొలము కుదువబెట్టి ప్రయాణమునకు సిద్ధపడినవానిని నేడు తరచుగా ఆపుచున్నది ఘోరాపరాధము కాదు. వాడు మరచిపోయిన చిల్లర కేసు.

గట్టుతగాదాలో దాయాదులు చేయి చేసికొందురు. పండుగనాడు పేకాటలో పోలీసులకు చిక్కుదురు. కొందరు తప్పు ఒప్పుకొని జరిమానా కట్టి, పీడ వదలినదని యింటికి వత్తురు. ఆ జరిమానా శిక్షయే యని వారికి చెప్పువారు లేరు. మరికొందరు వాయిదాలకు పోక ఊరకుందురు. పాసుపోర్టు విచారణకై పోలీసులు వచ్చిననాడు ఆ పాతకాగితము బయటపడును.

చట్టము చెప్పునది జనులు భయపడునంత కఠినము కాదు. 1967 నాటి పాసుపోర్టుల చట్టము 6వ సెక్షను ప్రకారము క్రిమినలు కోర్టులో విచారణ నడచుచున్నవానికి పాసుపోర్టు నిరాకరింపవచ్చును. అయితే ఎఫ్.ఐ.ఆర్. నమోదైనంతమాత్రమున అది విచారణ కాదనియు, కోర్టు కేసును స్వీకరించిననే యగుననియు విదేశాంగశాఖ 2019 అక్టోబరులో స్పష్టము చేసినది. కోర్టులో కేసున్నవారికిని దారి మూసికొనలేదు. 1993 ఆగస్టు 25 నాటి ప్రకటన ననుసరించి ఆ కోర్టు అనుమతి తెచ్చుకొన్నచో పాసుపోర్టు లభించును. కోర్టు గడువు చెప్పనిచో అది ఒక యేటికి మాత్రమే చెల్లును.

అసలు ప్రమాదము కేసులో గాక, దానిని దాచుటలో నున్నది. "లేదని వ్రాయుము, ఎవరు చూతురు?" అను ఏజెంటు మాట విని సంతకము చేసినవాడు 12వ సెక్షను క్రింద రెండేండ్ల వరకు ఖైదుకు పాత్రుడగును. ఏజెంటు తప్పించుకొనును. అమెరికా వీసా పత్రమైతే శిక్షనే కాదు, ఎన్నడైన అరెస్టయితివా యనియు అడుగును. అచ్చట చిన్న నేరమునకు మినహాయింపు దొరకవచ్చును గాని, అబద్ధమాడి దొరికినవానికి సాధారణముగా యావజ్జీవము ద్వారము మూసికొనును.

దేశము విడిచి పోవు హక్కు వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమని మేనకాగాంధీ కేసులో 1978లోనే సుప్రీముకోర్టు నిర్ణయించినది. అట్టి హక్కు నొక పాత తగాదా యేండ్ల తరబడి బంధించియుండుట న్యాయము కాదు. లోకదాలతులు ఇట్టి కేసులను శీఘ్రముగ తేల్చవలెను. రాజీకి వీలైన కేసులో రాజీ కుదిరిన, దాని ఫలము నిర్దోషిగా విడుదలయే. తప్పు ఒప్పుకొనుమని సలహా యిచ్చు వకీళ్లు దాని పర్యవసానమును కక్షిదారునకు ముందుగా చెప్పుట వారి ధర్మము.

గ్రామపెద్దలకు మా మనవి ఒక్కటే: గట్టుతగాదాను ఠాణా మెట్లెక్కకముందే గట్టుమీదనే తీర్పుడు. ఎక్కినచో, బిడ్డ టిక్కెట్టు కొనుటకు ముందు కోర్టు కాగితము చేత బట్టుడు.