ఆరిన దీపస్తంభాల మాటేమిటి?

న్యూఢిల్లీ: రాజధానికి సముద్రం లేదు. అయినా దేశ దీపస్తంభాల ఆలనాపాలన చూసే డైరెక్టరేట్ జనరల్ కార్యాలయం ఉన్నది పొరుగునే, నోయిడాలో. 1927 నాటి చట్టం స్థానంలో 2021లో పార్లమెంటు ఆమోదించిన శాసనం ప్రకారం కేంద్రం తన అధీనంలోని దీపస్తంభాలను వారసత్వ కట్టడాలుగా ప్రకటించవచ్చు. నౌకలకు దారి చూపుతూనే అవి విద్యకు, పర్యాటకానికి ఉపకరించాలి. 2024 ఫిబ్రవరిలో 75 దీపస్తంభాలను పర్యాటక వసతులతో జాతికి అంకితం చేశారు కూడా.

మరి దారి చూపడం మానేసినవో? మద్రాసు హైకోర్టు ఆవరణలోని రాతి స్తంభం 1844లో వెలిగింది. దీపం 1894లో హైకోర్టు గోపురానికి, 1977లో మెరీనాకు తరలింది. ఒకనాటి ఉమ్మడి రాజధాని రేవుకు ఆ పాత స్తంభమే గుర్తు. టిక్కెట్ల రాబడితోనే లెక్కగడితే ఇటువంటి స్థలాలు పద్దులకెక్కవు. వాటి మరమ్మతుకు వేరే కేటాయింపు అవసరం.